మడికి దాహమేసిన తపస్కాలం

విభూతి బుధవారం

మడి చూసుకునేవాళ్ళు దినచర్య రాసి పంపాలని నడిబస్తీ ఆఫీసువాళ్ళ రూలు. రోజూ రాసే తీరిక నాకు లేదు, ఓపిక అంతకన్నా లేదు. రాయాలనిపించిన రోజు రాస్తాను. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నా పేరు ఆగ్నేసమ్మ. ఊరు సొరంగపాలెం. చందమామ మీద మనుషులు కాపురం పెట్టిన సొరంగాల్లో పెద్దది నడిబస్తీ, చివరిది మాదే. అరవై గడప ఉంటుంది, అందరం పల్నాడు నుంచి వచ్చినవాళ్ళమే. ఒక చర్చి, ఒక మంచినీళ్ళ తొట్టి, ఒక వరిమడి. ఆ వరిమడికి కాపలా, కూలీ, యజమానీ అన్నీ నేనే.

ఈ రోజుతో తపస్కాలం మొదలు. ఏసు తిరిగి లేచిన పాస్కా పండగ దాకా నలభై రోజుల నిష్ఠ. నుదుట విభూతి పెట్టాలంటే పోయిన ఏటి మ్రానికొమ్మల ఆదివారం నాటి మట్టలు కాల్చి బూడిద చెయ్యాలి. ఇక్కడ మట్టలే దొరకవు. సొరంగంలో అగ్గిపుల్ల గీస్తే ఊరందరి గాలీ పాడవుతుంది, అందుకని ఇక్కడ నిప్పు నిషేధం. ఫాదర్ సెలెస్టిన్ పోయిన రాకెట్లో దిగిన కొత్త గురువు. కుర్రవాడు, ఉత్సాహం పాలు కాస్త ఎక్కువ. బూడిదకు బదులు బయటి చంద్రధూళి పెడదామన్నాడు.

"ఆ దుమ్ము గాజు నూరినట్టు ఉంటది ఫాదర్. నుదుళ్ళు గీరుకుపోయి ఊరంతా కట్లు కట్టుకు తిరగాల," అన్నాను.

"మరెట్లాగమ్మా?"

"మట్టి నుంచి వచ్చావు, మట్టిలో కలుస్తావు అనేగా మీరు చెప్పేది? ఆ మట్టేదో నా దగ్గరుంది."

మా పెంటకుప్ప అడుగు నుంచి బాగా మాగిన ఎరువు గుప్పెడు తీసి ఇచ్చాను. ఊళ్ళో తొక్కా తుక్కూ, పైకి చెప్పకూడనివీ కలిసి మాగిన మట్టి అది. జనం అదే పెట్టించుకుని భక్తిగా చేతులు కట్టుకున్నారు. ఒక్కరూ వాసన గురించి అడగలేదు.

ప్రసంగం మాత్రం బాగా చెప్పాడు, ఒప్పుకోవాలి. "ఒక ప్రపంచాన్ని వాడి పారేసి వచ్చాం. ఇక్కడైనా పొదుపుగా బతుకుదాం. ఈ తపస్కాలంలో ప్రతి ఇల్లూ నీళ్ళ విషయంలో ఒక త్యాగం చెయ్యాలి," అన్నాడు. జనం ఒకరి తర్వాత ఒకరు లేచి మొక్కుకున్నారు. పక్కవీధి మేరమ్మ బట్టలు ఉతకనంది. మా ఎదురింటి ఇన్నయ్య నాకు మరిది వరస. ఏ పనైనా పదిమంది నోళ్ళలో పడేట్టు చేస్తేగాని ఆయనకు తృప్తి ఉండదు. "పాస్కా పండగ దాకా నా చేత్తో నా ఒంటి మీద చెంబెడు నీళ్ళు పోసుకోను," అని చివరి బెంచీ దాకా వినపడేట్టు మొక్కాడు. వాళ్ళావిడ శౌరమ్మ మొహం అప్పుడు చూడాలి.

ఊరి నీళ్ళూ గాలీ కొలిచే యంత్రానికి మేం కరణం అని పేరు పెట్టుకున్నాం. ఏ ఇల్లు ఎంత పొదుపు చేసిందో రోజూ చర్చి గోడ మీద చూపిస్తానంది కరణం. అందరికన్నా పైన ఉన్న ఇంటివాళ్ళు పునీత శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే నాడు, ఊరేగింపులో సిలువ మొయ్యవచ్చట. ఇన్నయ్య కళ్ళు అప్పుడే మెరిశాయి.

నేనూ చప్పట్లు కొట్టాను. మంచిపనే కదా అనుకున్నాను.

మొదటి శుక్రవారం

వరి పొట్టకొచ్చింది! ఒక్కో దుబ్బూ చేత్తో నిమిరి చూశాను. లోపల కంకి గట్టిగా తగులుతోంది. కాసేపు గట్టు మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నడిబస్తీ వాళ్ళకు ఇది అర్థం కావాలని రాస్తున్నాను. ఇక్కడ మేం ఎదురుపడితే "అన్నం తిన్నారా?" అని పలకరించుకుంటాం. "ఆఁ, ఇప్పుడే" అంటాం. తినేది చిలగడదుంప, నాచు బిళ్ళ. ఇక్కడ పుట్టిన పిల్లలు అన్నం అంటే దుంపకు ఇంకో పేరు అనుకుంటారు. నేను వచ్చేటప్పుడు తెచ్చిన విత్తనం రెండుసార్లు వేస్తే రెండుసార్లూ మొలకలోనే పోయింది. మిగిలిన గింజలన్నీ ఈసారి చల్లేశాను. డబ్బా అడుగున ఒక్కటి కూడా లేదు. చీడలొస్తాయన్న భయంతో భూమి నుంచి విత్తనం పంపడం మానేశారు. అంటే ఈ మడి పండితే చందమామ మీద వరి ఉన్నట్టు, ఎండితే మళ్ళీ ఎప్పటికీ లేనట్టే.

అందుకే పాస్కా నాటికి కోత కోస్తానని ఊరందరికీ చెప్పాను. నోరు జారానో, ధైర్యం చేశానో ఆ దేవుడికే తెలియాలి.

మొదటి వారం, శనివారం

కాలువలో నీళ్ళు తగ్గాయి.

పొద్దున ఇళ్ళల్లో స్నానాలూ గిన్నెలూ అయ్యాక వాడిన నీళ్ళన్నీ గొట్టంలో పడి ముందు చేపల గుంటకు వస్తాయి. జిలేబీ చేపలు తినగలిగింది తిని, వదలగలిగింది వదులుతాయి. ఆ నీళ్ళు మడికి వస్తాయి. ఆకులు ఆవిరి వదిలితే పైకప్పు గొట్టాల మీద చెమ్మగా పట్టి, బొట్టుబొట్టుగా మంచినీళ్ళ తొట్టిలోకి చేరుతుంది. మళ్ళీ కుళాయి, మళ్ళీ స్నానం. ఊళ్ళో ఉన్న నీళ్ళు ఎప్పుడూ అవే. తిరుగుతుంటాయి, అంతే.

ఈ రోజు ఆ గొట్టం నుంచి వచ్చింది ముసలాయన ఉమ్మినంత. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. గొట్టం పూడుకుందేమోనని కర్రపెట్టి పొడిచాను. గొట్టం శుభ్రంగా ఉంది.

చర్చి గోడ దగ్గరకు వెళ్ళి చూస్తే సంగతి తెలిసింది. ఊరు ఊరంతా పొదుపు. ఇన్నయ్య ఇల్లు మొదటి వరసలో మెరుస్తోంది.

"కరణం, మడికి నీళ్ళు రావట్లా," అన్నాను.

"పొదుపు చాలా బాగుందమ్మా. తొట్టి అంచుల దాకా నిండింది."

"తొట్టి నిండితే నాకేంది? మడి సంగతి చెప్పు."

"ఇళ్ళ లెక్క చూపించమన్నారమ్మా. మడి ఇల్లు కాదు కదా."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. తాగేనీళ్ళు చేలకు పోకూడదని, ఈ ఊరు కట్టినవాళ్ళు తొట్టికీ మడికీ మధ్య గొట్టమే పెట్టలేదు. మనిషి వాడితేనే నీళ్ళు మడికొస్తాయి. మనిషి వాడకపోతే తొట్టిలో బంగారంలా కూర్చుంటాయి.

రెండవ వారం, మంగళవారం

కంకులు బయటికొచ్చాయి. పూత మీద ఉన్నాయి. ఇప్పుడు నీళ్ళు లేకపోతే గింజ పట్టదు, అంతా తాలే.

నాకు చేతనైంది చేస్తున్నాను. రోజుకు మూడుసార్లు స్నానం, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతకడం, తోమిన గిన్నెలే తోమడం. నా ఇంటి వాటా అంతా ఖర్చు పెడుతున్నాను. చేతులు నానిపోయి ముడతలు పడ్డాయి. ఇంత చేసినా మడిలో ఒక మూల తడుస్తుందంతే.

ఫలితం ఏమిటంటే, గోడ మీద అందరికన్నా అడుగున, ఎర్రరంగులో నా పేరు. సాయంత్రం సిలువ మార్గం ప్రార్థనకు వెళ్తే ఆడవాళ్ళు గుసగుసలు. ఇన్నయ్య అయితే మొహం మీదే అన్నాడు.

"తపస్కాలంలో ఈ జలకాలాటలేంది వదినా? ఈ వయసులో ఎవరికోసం సింగారం?"

"నీ కంపు భరించలేక పోసుకుంటన్నా అబ్బాయ్! మడి ఎండిపోతంది, కాసిని నీళ్ళు పోసుకో నాయనా."

"దేవుడికి మాటిచ్చి తప్పమంటావా? మడి నీది, మొక్కు నాది."

మడి నాదట! అందులో పండేది వాళ్ళ మనవరాలు తినదా?

పైగా వాసన. మూసేసిన సొరంగంలో ఊరంతా స్నానాలు మానేస్తే ఎలా ఉంటుందో నేను రాయను. సాంబ్రాణి వేద్దామంటే నిప్పు లేదాయె. ఫాదర్ పూజలో ఊపిరి బిగబట్టి చదువుతున్నాడు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆయన మొహం ఎర్రబడటం నేను చూశాను.

మూడవ ఆదివారం

ఈ రోజు నేను పూజలో గొడవ చేశాను. నా పెళ్ళిలో కూడా అంత గొంతు పెట్టలేదు.

ఫాదర్ ప్రసంగంలో పేరు చెప్పకుండానే, "అందరూ త్యాగం చేస్తుంటే ఒక ఇల్లు మాత్రం మనసు మార్చుకోవాల్సి ఉంది," అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ ఇల్లు మాదే ఫాదర్. పేరు చెప్పండి, మొహమాటమెందుకు? పూజ అయ్యాక ఒక్కసారి మడికి రండి. ఆ తర్వాత నన్ను ఏమన్నా అనండి, పడతా."

ఆయన వచ్చాడు, ఆయన వెనకాల సగం ఊరూ వచ్చింది. మడి నేల పగుళ్ళు బారి ఉంది. నేను తడిపిన మూల నుంచి ఒక గింజ తెంపి ఆయన చేతిలో పెట్టాను.

"నొక్కండి."

నొక్కాడు. తెల్లగా పాలు వచ్చాయి. బొట్టు ఆయన వేలిమీద నిలిచింది. ఆ అబ్బాయి పట్నంలో పెరిగినవాడు, వరిగింజలో పాలు ఉంటాయని అప్పుడే చూశాడు. మొహం పసిపిల్లాడిలా అయిపోయింది.

అవతలి మూల నుంచి ఇంకో గింజ ఇచ్చాను. నొక్కాడు. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. ఉత్త పొట్టు.

"ఇది మన పొదుపేనామ్మా?" అన్నాడు మెల్లగా.

"మన పొదుపే. మీరు చెప్పింది తప్పు కాదు ఫాదర్. భూమ్మీద నీళ్ళు వాడితే పోయేవి, అక్కడ దాచుకోవాల్సిందే. ఇక్కడ దాచుకుంటే పోతయి. ఇక్కడ తిప్పాల. నా ఒంటి మురికి నీళ్ళే ఈ గింజకు పాలు."

ఆయన గట్టు మీద కూర్చుండిపోయాడు. తర్వాత లేచి జనంతో చెప్పాడు, మొక్కులు మార్చుకునే అనుమతి తాను ఇస్తానని, తప్పు తనదేనని. మంచి కుర్రవాడు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ పూజారి ఇచ్చినా జనం పుచ్చుకోలేదు! సిలువ ఎక్కడ చేజారుతుందోనని ఒక్కరూ ముందుకు రారు. ఇన్నయ్య అయితే రెండు చేతులూ జోడించి, "మన్ను పెట్టుకుని చెప్పిన మాట ఫాదర్. నా చేత్తో నేను పోసుకోను," అని భీష్మించాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఎందుకు దాచాలి? ఏడ్చాను.

మూడవ వారం, సోమవారం

ఓరి దేవుడో, ఎక్కడ మొదలుపెట్టాలి!

పొద్దున ఇన్నయ్య వాళ్ళ వాకిట్లో కూర్చుని తన మొక్కు గొప్పతనం నలుగురికీ చెబుతున్నాడు. నేను నా గుమ్మంలో దుంపలు గీకుతున్నాను. శౌరమ్మ లోపలి నుంచి నిండు బకెట్టు పట్టుకుని వచ్చింది. చిరాకు లేదు, కోపం లేదు. చక్కగా చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఆ బకెట్టు ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించింది.

చందమామ మీద నీళ్ళు దబ్బున పడవు, తాపీగా దిగుతాయి. ఆ నీళ్ళు ముద్దముద్దలుగా ఆయన నెత్తిమీదికి దిగుతుంటే, ఆయన నోరు తెరుచుకుని పైకి చూస్తూ అలాగే ఉన్నాడు. తప్పించుకునే టైముంది, తెలివి లేదు.

"ఏందే ఇది! నా మొక్కు!" అని అరిచాడు.

"నీ మొక్కుకేమైంది? నీ చేత్తో నువ్వు పోసుకోనన్నావు. నేను పొయ్యనని అన్నానా?" అంది శౌరమ్మ. "నేను మొక్కిందల్లా వంట ఒక్కపూటే చేసుకుంటానని. పక్కింటికి వండనని అన్లా. వదినా, మధ్యాన్నం మీ ఇంటికి వండి తెస్తన్నా!"

వాకిట్లో ఉన్నవాళ్ళం నవ్వి నవ్వి పొట్టలు పట్టుకున్నాం. ఇన్నయ్య కాసేపు బిగుసుకుని కూర్చున్నాడు. తర్వాత మోచెయ్యి వాసన చూసుకున్నాడు. ఆ తర్వాత వీపు ఆమె వైపు తిప్పి, "పోస్తే పోశావు, ఈడ కాస్త రుద్దు," అన్నాడు.

నేను కత్తి అక్కడే పడేసి ఫాదర్ దగ్గరికి పరుగెత్తాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటారు కదా, ఇక్కడ బరువు తక్కువ, నేను నిజంగానే ఎగురుకుంటూ పోయాను.

విన్నాక ఆ అబ్బాయి కూడా బల్ల గుద్ది నవ్వాడు. "ఎవరూ తన కోసం చుక్క వాడక్కర్లేదమ్మా. తన వాటా పక్కింటివాళ్ళ కోసం వాడాలి. మొక్కు చెడదు, మడి చెడదు. ఇంతకన్నా తపస్కాలం ఏముంది?" అన్నాడు. సాయంత్రమే గంట కొట్టించి ఊరికి చెప్పాడు. గోడ మీద పట్టీ కూడా తీసేయించాడు.

నాలుగవ ఆదివారం

ఊరికి పిచ్చెక్కినట్టుంది, మంచి పిచ్చి.

ఈ ఇంటి పిల్లలకు ఆ ఇంటివాళ్ళు తలంట్లు. వాళ్ళ దుప్పట్లు వీళ్ళు ఉతకడం. మేరమ్మ బట్టలు ఉతకననే కదా మొక్కింది, తనవి మూటగట్టి నా గుమ్మంలో పడేసి, నావి ఎత్తుకుపోయింది. ఎవరింట్లో వండింది వాళ్ళింట్లో తినడం లేదు. మంచి జరుగుతున్నా మా వాళ్ళు పోట్లాట మానరు. "నా బిడ్డ నెత్తిన సబ్బు అట్టాగే వదిలేసింది, అదేం సేవ!" అని ఒకావిడ. "నేను దుంప కూరలో తాళింపు పెట్టి పంపితే, ఆమె ఉత్త ఉడకేసింది పంపిద్దా!" అని ఇంకొకావిడ. ఆ పంచాయితీలు తీర్చలేక ఫాదర్ గొంతు పోయింది.

గొట్టంలో నీళ్ళు బుడబుడలాడుతూ వస్తున్నాయి. చేపలు అడుక్కి దిగి తోకలాడిస్తున్నాయి. పగుళ్ళు మూసుకున్నాయి. ఆలస్యంగా ఈనిన దుబ్బుల్లో గింజ నొక్కితే పాలు. ముందే పూత ఎండిపోయినవి మాత్రం ఇక రావు. ఎంత దక్కుతుందో చెప్పలేను. రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూస్తున్నాను. చూస్తే పండదని తెలుసు, అయినా కాళ్ళు ఆగవు.

మ్రానికొమ్మల ఆదివారం

కంకులు వంగాయి. పసుపు తిరుగుతున్నాయి.

ఏసుకు జనం కొమ్మలూపి స్వాగతం చెప్పిన రోజు ఇది. ఊరేగింపుకు మ్రానికొమ్మలు ఎక్కడివి ఇక్కడ? ఫాదర్ వచ్చి చేతులు నలుపుకుంటూ, "నాలుగు వరికంకులిస్తే పట్టుకుని నడుస్తామమ్మా, చూడముచ్చటగా ఉంటది," అన్నాడు. మా ఊరి యాస అప్పుడే పట్టేశాడు.

"కంకి మీద చెయ్యి పడితే చెయ్యి ఉండదు ఫాదర్," అన్నాను.

చిలగడదుంప తీగలిచ్చి పంపాను. హోసాన్నా అంటూ ఊరంతా తీగలూపుకుంటూ నడిచింది. తిరిగొచ్చాక ఆ తీగల ఆకులు కూర వండుకున్నారు.

పునీత శుక్రవారం

సిలువను అన్ని ఇళ్ళవాళ్ళూ తలా కాస్త దూరం మోశారు. ఇన్నయ్య తన వంతు అయ్యాక పక్కవాడికి ఇవ్వకుండా నాలుగడుగులు ఎక్కువ వేశాడు. పోనీలే అని ఎవరూ ఏమీ అనలేదు.

కోత రేపు. నాకు అన్నం సహించలేదు. అన్నం అంటే దుంపే.

పాస్కా ఆదివారం

నిన్న కోశాం. కొడవలి నాది, పనలు మోసింది ఊరు. నూర్చి, విసనకర్రతో తూర్పారబట్టాం. తాలు తేలికగా లేచి పైకప్పు దాకా పోయి, దిగడానికి చాలాసేపు పట్టింది. పిల్లలు దాని కింద గంతులేశారు. నేను మాత్రం కిందపడ్డ గింజల వైపే చూస్తున్నాను.

సగానికి పైగా తాలే పోయింది. మిగిలింది ఒక చిన్న బిందెడు.

జనం నా మొహం వైపు చూస్తున్నారు. పాస్కాకు అన్నం పెడతానన్నది నేనే. ఈ బిందెడు వండితే అరవై గడపకూ తలా రెండు ముద్దలు. వండకుండా చల్లితే మడి మొత్తానికీ సరిపోయే విత్తనం. జీవితంలో మొదటిసారి నాకు మాట రాలేదని శౌరమ్మ అప్పుడే పక్కావిడకు చెప్పిందట.

ఇన్నయ్య ముందుకొచ్చి బిందె మీద మూత పెట్టాడు.

"విత్తనాన్ని తింటారా ఎవరన్నా? ఎత్తిపెట్టు వదినా. ఇన్నేళ్ళు దుంప తిన్నోళ్ళం, ఇంకో పంటకాలం తింటే చావం."

ఎవరూ కాదనలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా కాదనలేదు! మడి నాదని అన్నవాడి నోటి నుంచి ఆ మాట విన్నాక నా మనసు కరిగిపోయింది. మూత తీసి నేనే రెండు గుప్పిళ్ళు బయటికి తీశాను. రోట్లో దంచి, చర్చిలో ఉన్న పెద్ద డేగిసాలో, కరెంటు పొయ్యి మీద పలచగా గంజి కాచాను. ఉప్పేశాను. పాస్కా పూజ అయ్యాక తలా గ్లాసు. అడుగున మూడో నాలుగో మెతుకులు.

వాసనకే సగం మంది ఏడ్చారు. మేరమ్మ గ్లాసు మొహానికి ఆనించుకుని తాగడం మర్చిపోయింది. ఫాదర్ వేలితో మెతుకు తీసి, పూజలో దివ్యసత్ప్రసాదం అందుకున్నంత జాగ్రత్తగా నోట్లో పెట్టుకున్నాడు. ఇన్నయ్య మనవరాలు మాత్రం గ్లాసులోకి చూసి, "ఇంతేనా?" అంది. దానికెట్లా తెలుస్తుంది పిచ్చిది. ఇన్నయ్య తన మెతుకులు దాని గ్లాసులో వేశాడు.

నేను చివర తాగాను. బాగుంది. ఇంకేం రాయను, బాగుంది.

పాస్కా సోమవారం

తపస్కాలం అయిపోయింది. మొక్కులు తీరిపోయాయి. ఇక ఎవరి కుళాయి వారిది. రాత్రంతా నాకు అదే దిగులు. మొక్కు లేకపోతే ఎవరి నీళ్ళు వాళ్ళవే, తీరుబాటుగా పొదుపు చేసుకుంటారు, పోటీ పెట్టుకుంటారు, నాట్లప్పుడు మళ్ళీ మడి నోరు తెరుస్తుంది. ఇంటింటికీ తిరిగి బతిమాలుకోవాలేమోనని పొద్దున్నే చీర మార్చుకుంటుంటే తలుపు చప్పుడైంది.

ఇన్నయ్య. చేతిలో బకెట్టు, భుజాన తువ్వాలు.

"ఏంది అబ్బాయ్? పండగైపోయిందిగా. నీ స్నానం నువ్వు పోసుకో పో."

"పోసుకుందామని కూర్చున్నా వదినా. మన చేత్తో మనం పోసుకుంటే ఏందోగా ఉంది. శౌరమ్మ మేరమ్మోళ్ళ ఇంటికి పొయ్యింది, వాళ్ళమ్మకు తలంటాలంట. వీధంతా బకెట్లతోనే తిరగతంది, చూడు."

తొంగి చూశాను. నిజమే. అటూ ఇటూ బకెట్లే.

"నాట్లెప్పుడు?" అన్నాడు.

"నారు పొయ్యాలగా ముందు. నీళ్ళొస్తే రేపే పోస్తా."

"వస్తయి. కూర్చో, కాళ్ళు చాపు."

వద్దనబోయాను. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. కాళ్ళు చాపాను. నీళ్ళు తాపీగా నా పాదాల మీదికి దిగి, వాకిటి గొట్టంలో పడి, మడి వైపు బయల్దేరాయి.